జాగ్రత్తలు

మా బ్యాటరీ ట్రాక్టరు సంగతి ఎత్తితే హాస్టల్లో అందరూ నవ్వుతారు. నవ్వనివ్వండి. అది కంపెనీ బండి కాదు. టౌనులో ఒక వర్క్‌షాపువాళ్ళు బ్యాటరీ ఆటో మోటారూ, కంట్రోలరూ తీసి ఇనుప చట్రానికి బిగించి తయారుచేసిన చిన్న బండి. పన్నెండు వోల్టుల బ్యాటరీలు నాలుగు, వరుసలో కలిపితే 48 వోల్టులు. గూడూరు దగ్గర మా నిమ్మతోటలో సాళ్ళ మధ్య గుంటక లాగడానికి నాయన దాన్ని సెకండుహ్యాండులో కొన్నాడు. కొమ్మల కింద దూరుతుంది, డీజిలు ఖర్చు లేదు. ఎద్దులు అమ్మేశాక కొట్టంలోకి మళ్ళీ ఒక జీవం వచ్చినట్టయింది.

సంక్రాంతి సెలవులకు నేను వెళ్ళేసరికి ఆ జీవానికి జబ్బు చేసింది. పొద్దున రెండు సాళ్ళు బాగానే లాగేది. మూడో సాలుకల్లా గుంటక మట్టిలో దిగగానే ఆగి ఆగి కదిలేది. గుంటక పైకెత్తితే మళ్ళీ పరుగే. నాయన తనకు తెలిసినవన్నీ చూశాడు. టైర్లకు గాలి కొట్టించాడు. బ్రేకు పట్టేస్తున్నదేమోనని చక్రాలు ఎత్తి చేత్తో తిప్పాడు. గుంటక లోతు తగ్గించాడు. ఫలితం లేదు.

"సైన్సు చదివేవాడివి, నువ్వు చూడు అబ్బయా" అన్నాడు.

ఆ మాటకు నాకు కాస్త గర్వం కలిగిన మాట నిజం. కొట్టంలో నిలిపి ఉన్న బండికి మల్టీమీటరు పెట్టాను. 50.4 వోల్టులు చూపింది. "బ్యాటరీలు దివ్యంగా ఉన్నాయి నాయనా. లోపం మోటారులోనే" అని తీర్పు చెప్పేశాను. టౌనులో అడిగితే మోటారు మార్చడానికి పదకొండు వేలన్నారు. నాయన మారుమాట్లాడలేదు. అమ్మ పాల డబ్బులు దాచుకున్న డబ్బా దించింది. నేను చెప్పాను గనుక అది నిజమే అయి ఉంటుందని వాళ్ళ నమ్మకం.

ఆ రాత్రి ప్రాక్టికల్ రికార్డు రాద్దామని కూర్చున్నాను. పొటెన్షియోమీటరుతో ఘటం అంతర్నిరోధం కనుక్కునే ప్రయోగం. కీ తెరిచి ఉంచి ఒక రీడింగు, కీ మూసి ఒక రీడింగు తీసుకోవాలి. కరెంటు ప్రవహిస్తున్నప్పుడు ఘటం లోపలి నిరోధం కొంత వోల్టేజిని తినేస్తుంది. రెండు రీడింగుల తేడాలోనే దాని బలహీనత బయటపడుతుంది. అది రాస్తూ ఉండగా చెయ్యి ఆగిపోయింది. నేను బండికి తీసింది ఒక్కటే రీడింగు, అదీ కీ తెరిచి ఉన్నది! పైగా మోటారే పాడైతే పొద్దున రెండు సాళ్ళు ఎట్లా లాగుతుంది?

తెల్లవారి పక్క ఊళ్ళో సోలారు పంపులు బిగించే అతని దగ్గర డి.సి. క్లాంపు మీటరు అడిగి తెచ్చాను. నాయన గుంటక దించి తోలుతుంటే నేను మీటర్లు పట్టుకుని పక్కన నడిచాను. మూడో సాలులో కరెంటు 60 ఆంపియర్లు. మూడు బ్యాటరీలు ఒక్కొక్కటి 11.6 వోల్టుల దగ్గర నిలబడ్డాయి. నాలుగోది 9.4కు జారిపోయింది. నాలుగూ కూడితే 44.2 రావాలి, కంట్రోలరు దగ్గర 42 మాత్రమే ఉంది. మా కంట్రోలరు 42 దగ్గర బ్యాటరీలను కాపాడటానికి కరెంటు తగ్గించేస్తుంది. మోటారు నీరసం అదే. మరి మిగతా 2.2 వోల్టులు ఏమైనట్టు?

నేను లెక్క వేస్తూ ఉండగానే నాయన బండి ఆపి, కేబుళ్ళ అతుకులు ఒక్కొక్కటే వేలితో తాకి చూస్తూ పోయాడు. ఒక చోట చటుక్కున చెయ్యి తీసేశాడు. "ఇది కాలిపోతున్నది రా!"

మీటరు పెట్టి చూస్తే ఆ ఒక్క అతుకు దగ్గరే 2.2 వోల్టులు. 60తో గుణిస్తే 132 వాట్లు. గుంటక లాగవలసిన శక్తి అక్కడ ఊరికే వేడిగా పోతున్నది. విప్పితే లోపలంతా పచ్చటి చిలుము. స్విచ్చి తీసేసి, వంటసోడా నీళ్ళతో కడిగి, ఆరబెట్టి, గరుకు కాగితంతో రుద్ది, గట్టిగా బిగించి పైన వాజిలైను రాశాం. నాలుగో బ్యాటరీ మూతలు తీస్తే పలకలు నీళ్ళపైకి తేలి ఉన్నాయి. డిస్టిల్డ్ వాటరు పోసి రాత్రంతా ఛార్జింగు పెట్టాం. కొంత తేరుకుంది గాని పూర్తిగా కాదు. ఒకే వరుసలో ఉన్నవాటిలో ఒకటి కుంటిదైతే మిగతా మూడింటి సత్తువా తగ్గినట్టే. కాడికి కట్టిన ఎద్దుల సంగతి తెలిసిన నాయనకు అది నేను వివరించనక్కర్లేకపోయింది. తరవాత దాని ఈడుదే ఇంకొకటి పాతది చూసి మార్చాడు. బండి ఇప్పుడు పది సాళ్ళు ఆగకుండా లాగుతున్నది.

"నేను చెప్పింది తప్పు నాయనా. మోటారుకు ఏమీ కాలేదు" అన్నాను. ఆ మాట అనడానికి గొంతు కాస్త పట్టేసింది. నాయన నవ్వి, "టౌనుకు పోకముందే చెప్పినావు గదా" అన్నాడు. అమ్మ డబ్బా మళ్ళీ అటకెక్కింది.

కాలేజీకి వచ్చి రికార్డు పూర్తి చేశాను. ప్రతి ప్రయోగం చివరా 'జాగ్రత్తలు' అని ఉంటుంది కదా. సీనియర్ల రికార్డులు చూసి మనమందరం కళ్ళు మూసుకుని దించేసే భాగం అది. అందులో మొదటిది: 'తీగల కొనలను గరుకు కాగితంతో శుభ్రంచేసి, బిగుతుగా కలపవలెను.' ఇంటర్ నుంచి ఎన్నిసార్లు రాశానో లెక్కలేదు. ఈసారి మాత్రం చదివి రాశాను.