ఇంటి అలారమును ఇంటర్నెట్టును

దూరదేశమం దున్న పూర్వవిద్యార్థులు సైతము ఈ పత్రిక కేదైన నొక వ్యాసము పంపవలయునని సంపాదకులు కోరినారు. గొప్ప శాస్త్రవిషయములు వ్రాయుటకు మాకన్న సమర్థులు పెక్కురు గలరు. కావున మా యింటిలో పుట్టిన యొక చిక్కును గూర్చియే వ్రాయుచున్నాము. చూచుటకు చిన్నదే గాని, ఒక వృద్ధురాలి క్షేమము దానిపై నాధారపడి యుండెను.

మేము అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రమున ఎడిసను అను నూరిలో నివసించుచున్నాము. గుంటూరునుండి వచ్చి మాతో నున్న మా అమ్మగారు, మేము పనులకు బోయినది మొదలు సాయంకాలమువరకు ఇంట నొంటరిగ నుందురు. ఆమెకు ఇంగ్లీషు రాదు. “నిప్పు పుడితే కేక వేస్తానురా, కాని ఈ ఊళ్ళో నా కేక ఎవరికి తెలుస్తుంది?” అని ఆమె యొకనాడు అడిగిరి. 2008లో మేము కొనిన యింటిలో అలారము ముందే యమర్చబడి యుండెను. పొగ పసిగట్టు యంత్రము గాని, తలుపునకు బిగించిన అయస్కాంతపు మీట గాని కదలినచో, గోడనున్న పెట్టె తానే టెలిఫోను చేసి పర్యవేక్షణ కేంద్రమునకు వార్త దెలుపును. వారు అగ్నిమాపక దళమునో పోలీసులనో పంపుదురు. అనగా ఆ పెట్టె మా అమ్మగారి తరఫున ఇంగ్లీషులో మొరపెట్టు దూత యన్నమాట.

అలారమునకును టెలిఫోనునకును చుట్టరికము పాతదే. బెల్లు 1876లో టెలిఫోనునకు పేటెంటు పొందిన మరుసటి యేడే, బోస్టను నగరమున హోమ్సు కంపెనీవారు తమ దొంగ అలారపు తీగెలకే టెలిఫోనులు తగిలించి, పగలు సంభాషణలకును రాత్రి కాపలాకును వాడిరి. నాడు ఒకే తీగెపై ఇరువురు పొత్తుగ నుండిరి. మా యింట మూడవవాడు ప్రవేశించినపుడు తగవు పుట్టెను. ఆ మూడవవాడు ఇంటర్నెట్టు.

అప్పటి మా ఇంటర్నెట్టు డీఎస్‌ఎల్ పద్ధతిది. టెలిఫోను రాగితీగె మీదనే వచ్చునది. మానవకంఠమునకు తీగెపై సెకండునకు 300 మొదలు 3400 వరకు గల కంపనములు చాలును. డీఎస్‌ఎల్ వార్తలు సుమారు 25,000 కంపనములకు పైన మొదలై పది లక్షలు దాటి పోవును. క్రింద ఎడ్లబండ్లును, మీద వంతెనపై రైలును పోవునట్లు రెండును ఒకే తీగెపై సాగును. అయితే మీది రొద క్రిందివారి చెవిని బడకుండ ఫిల్టరు అను చిన్న డబ్బీ యుండవలెను. ఇంటర్నెట్టు అమర్చిన పనివాడు ఒక్కొక్క టెలిఫోనునకు ఒక్కొక్క ఫిల్టరు తగిలించి పోయెను. అలారము పెట్టెకు మాత్రము పెట్టలేదు.

ఇచ్చట నొక సంగతి చెప్పవలెను. వీధినుండి వచ్చు తీగె ముందుగ అలారము పెట్టెకు బోయి, పిమ్మట ఇంటిలోని టెలిఫోనులకు వచ్చును. దొంగ రిసీవరు ఎత్తి పెట్టి తీగెను నిలిపివేయజూచినను, పెట్టె తక్కిన టెలిఫోనుల నన్నిటిని విడదీసి తీగెను తనవశము చేసికొనును. చక్కని యేర్పాటే. కాని మా మోడెము పెట్టెకు దిగువనున్న సాకెట్టునకు తగిలించబడుటచే, పెట్టె పిలుపు చేసినప్పుడెల్ల ఇంటర్నెట్టు తెగిపోవుచుండెను. అంతకన్న కీడు వేరొకటి గలదు. కేంద్రమువారి యంత్రము 1400, 2300 కంపనముల రెండు కూతలు వినిపించినపుడే పెట్టె తన యంకెలు పంపును. అవి చేరినవని మరల నొక కూత రావలెను. డీఎస్‌ఎల్ రొదలో ఆ కూతలు పెట్టెకు వినబడలేదు. వారమున కొకసారి తానై చేయు పరీక్షా పిలుపు చేరక, పెట్టెపై తప్పిదపు గురుతు వెలిగెను. సైరను మాత్రము ఎప్పటివలె ఇల్లదరునట్లు మ్రోగుచునే యుండెను!

ఇంటర్నెట్టువారు అలారమువారి ననిరి, అలారమువారు ఇంటర్నెట్టువారి ననిరి. మూడు వారము లిట్లు గడచెను. ఆ దినములలో మేము ఆఫీసులో కూర్చుండియు మనస్సు ఇంటియొద్దనే యుంచితిమి. తుదకు వచ్చిన యొక వృద్ధ పనివాడు తీగె యింటిలో జొచ్చుచోటనే దానిని రెండు పాయలుగ జీల్చు స్ప్లిట్టరు పెట్టెను: ఒక పాయ మోడెమునకు మాత్రమే, రెండవది ఫిల్టరు మీదుగ ముందు అలారమునకు, ఆపై టెలిఫోనులకు. పని అరగంటది. ఇది పరీక్షయని కేంద్రమునకు ముందుగ దెలిపి (లేనిచో ఫైరింజను వాకిట నిలుచును), అమ్మగారిచేతనే మీట నొక్కించితిమి. వార్త చేరినది.

“కరెంటు పోతేనో?” అని అమ్మగారు వెంటనే అడిగిరి. గుంటూరు వేసవి నెరిగినవారి ప్రశ్న అది! రాగితీగెకు ఎక్స్ఛేంజినుండి 48 వోల్టుల విద్యుత్తు వచ్చును. పెట్టెకు సొంత 12 వోల్టుల బ్యాటరీ కలదు. 2012 అక్టోబరులో శాండీ తుఫాను న్యూజెర్సీని కొట్టి కరెంటు పోయినపుడు, మోడెము చల్లబడినను, ఆ బ్యాటరీ యున్నంతసేపు అలారము నిలిచెను.

తరువాత ఫైబరు వచ్చెను, రాగితీగె పోయెను. గాజుపోగులో కరెంటు రాదు. ఇంటిలోని రౌటరు ఆరినచో టెలిఫోనును ఆరును. పైగా ఇంటర్నెట్టు మీదుగ పోవు ధ్వని కుదింపబడుటచే పెట్టె పంపు కూతలు చెదరుటయు గలదు. “పాత అలారము అట్లే పనిచేయును” అని అమ్మకందారు చెప్పిన మాటను మేము నమ్మలేదు. పెట్టెకు క్రొత్త వార్తాయంత్రమును జేర్పించితిమి. అది ముందు ఇంటర్నెట్టు మార్గమునను, అది లేనపుడు సెల్‌ఫోను మార్గమునను వార్త పంపును. ఫైబరు డబ్బీకిని రౌటరునకును వేరుగ నొక బ్యాటరీ పెట్టితిమి. 2022లో ఈ దేశమున పాత 3జీ సేవలు మూతపడుటతో ఆ యంత్రమును మరల మార్చవలసివచ్చెను. ఖర్చునకు విసుగు కలిగిన మాట నిజము. అయినను ఒక్క మార్గమునే నమ్ముకొనుట మాకు సమ్మతము గాదు.

ఇప్పుడు అమ్మగారికి ఎనుబది యారేండ్లు. ప్రతి నెల మొదటి శనివారమున కేంద్రమునకు మేము కబురు చేసినపిదప, ఆమెయే రౌటరు తీగె లాగి మీట నొక్కుదురు. సైరను మ్రోగినంతమాత్రమున ఆమె తృప్తి చెందరు. కేంద్రమువారు మాకు ఫోను చేసి వార్త అందినదని చెప్పువరకు, ఊడదీసిన తీగెను చేతబట్టుకొని కుర్చీలోనే కూర్చుందురు.