సైరన్ ఆగింది, రైలు ఆగలేదు

బెంగళూరు నుంచి సాయంత్రం మారికుప్పం వెళ్లే రైల్లో కొత్తగా ఎక్కినవాడు సీటు మీద ఆశ పెట్టుకోకూడదు. అవి రిజర్వేషన్ లేని బోగీలే. అయినా ప్రతి సీటుకూ ఒక హక్కుదారు ఉంటాడు. ఏళ్ల అలవాటు ఇచ్చిన హక్కు అది. గత డిసెంబర్‌లో ఒక సాయంత్రం కిటికీ పక్కన ఖాళీ చూసి కూర్చోబోతుంటే ఎదుటి సీట్లోని మహిళ తల ఎత్తకుండానే, ''కంటోన్మెంట్‌లో ఒక అన్న ఎక్కుతాడు, అది ఆయనది'' అంది. ఆమె ఒళ్లో ప్లాస్టిక్ సంచి, దాన్నిండా అనపకాయలు. బంగారుపేట వచ్చేలోగా ఒలవడం పూర్తయితే రాత్రికి నానబెట్టుకోవచ్చు, మర్నాటికి పితికిపప్పు.

అప్పటికి నా ఉద్యోగం పోయి మూడు నెలలైంది. పద్దెనిమిదేళ్లు చేసిన ఉద్యోగం. పావుగంట సమావేశంలో, చాలా మర్యాదగా తీసేశారు. ఆ తర్వాత రెండు వారాలు నేను చేసిన పని చెప్పుకోవడానికి ఇప్పటికీ ఇబ్బందిగానే ఉంటుంది. రోజూ తొమ్మిదింటికి క్యారియర్ పట్టుకుని ఇంట్లోంచి బయటపడేవాణ్ని. కబ్బన్ పార్కులో కూర్చుని, మధ్యాహ్నం అక్కడే తిని, ఆరింటికి తిరిగొచ్చేవాణ్ని. నా భార్యకు తెలుసు. తెలియకూడనిది అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌కు, పక్క ఫ్లాటు వాళ్లకు, ఊళ్లో ఉన్న అమ్మకు. ఒక్కడి ఉద్యోగం పోతేనే ఇంత నాటకం ఆడాల్సి వస్తే, ఊరు ఊరంతటికీ ఒకే రోజు పని పోతే వాళ్లేం చేసి ఉంటారన్న ఆలోచన పార్కు బెంచీ మీదే వచ్చింది. అలాంటి ఊరు బెంగళూరుకు 100 కిలోమీటర్ల దూరంలోనే ఉంది.

కోలార్ గోల్డ్ ఫీల్డ్స్. 2018లో వచ్చిన సినిమా పుణ్యాన కేజీఎఫ్ అనే మూడక్షరాలు దేశమంతటికీ తెలిశాయి. తెర మీది ఊరికీ ఈ ఊరికీ పేరు తప్ప పోలిక వెతకనక్కర్లేదు. 1880లో జాన్ టేలర్ అండ్ సన్స్ అనే బ్రిటిష్ సంస్థ ఇక్కడి గనులను చేపట్టింది. 1902లో శివనసముద్రం జలపాతం దగ్గర పుట్టించిన కరెంటును 140 కిలోమీటర్లకు పైగా తీగలు లాగి గనులకు తెచ్చారు. బెంగళూరు వీధుల్లో విద్యుద్దీపాలు వెలిగింది 1905లో. అంటే రాజధాని కంటే ముందు ఈ గనులకే వెలుగొచ్చింది. ఛాంపియన్ రీఫ్ గని లోతు 3 కిలోమీటర్లకు పైనే. అట్టడుగున రాయి వేడి 60 డిగ్రీలు దాటేది. 120 ఏళ్లలో ఇక్కడ తీసిన బంగారం సుమారు 800 టన్నులు. తొలి రోజుల్లో టన్ను రాయికి 40 గ్రాములకు పైగా దొరికిన బంగారం చివరికి నాలుగైదు గ్రాములైనా దక్కని స్థితికి వచ్చింది. తవ్వకం ఖర్చు బంగారం ధరను మించిపోయింది. 2001 ఫిబ్రవరి 28న కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థ భారత్ గోల్డ్ మైన్స్ గనులను మూసేసింది. ఒకప్పుడు 30 వేల మంది పనిచేసిన చోట ఆ రోజుకు మిగిలింది మూడు వేల పైచిలుకు.

కార్మికుల్లో ఎక్కువమంది తమిళ జిల్లాల నుంచి వచ్చినవారి వారసులు, వారిలో చాలామంది దళితులు. చిత్తూరు వైపు నుంచి వచ్చిన తెలుగువాళ్లూ ఉన్నారు. రాబర్ట్‌సన్‌పేట బజారులో ధర తెలుగులో అడిగి, బేరం తమిళంలో ఆడి, చిల్లర కన్నడంలో లెక్కపెట్టుకోవడం వింతేమీ కాదు. ఈ మూత దెబ్బ సరిహద్దు దాటి మనవైపూ తగిలింది. చిత్తూరు జిల్లా చిగురుగుంటలో, అప్పటి అనంతపురం జిల్లా రామగిరిలో ఇదే కంపెనీ నడిపిన గనులు కూడా మూతపడ్డాయి.

ఊళ్లోకి అడుగుపెడితే ముందు కనిపించేవి దిబ్బలు. రాయి నుంచి బంగారం తీశాక మిగిలిన పొడిని కుప్పలు పోస్తే ఏర్పడ్డ గుట్టలు. జనం నోట అవి సైనైడ్ దిబ్బలు. గాలి వీస్తే ఆ పొడి ఇళ్లలోకి, అన్నంలోకి వస్తుంది. దిబ్బల కింద 'లైన్లు', అంటే కార్మికుల ఇళ్ల వరసలు. ఒక గది, రెండో గది ఉందనిపించే వంట మూల. ఆ ఇళ్ల కోసం, రావాల్సిన బకాయిల కోసం కార్మికులు ఏళ్ల తరబడి తిరిగారు.

ఒక లైనులో గడప మీద కూర్చున్న పెద్దాయన నా తెలుగు విని లోపలికి పిలిచాడు. గని మూతపడేనాటికి ఆయనకు 47 ఏళ్లు. సైరన్ ఆగిపోయిన సంగతి ఒంటికి తెలియడానికే మూడు నెలలు పట్టిందట. ''తెల్లారి నాలుగున్నరకి మెలకువ వస్తాది నాయనా. చెయ్యి హెల్మెట్ కోసం పోతాది. ఏం చేసేది? క్యారియర్ తీసుకుని షాఫ్ట్ గేటు దాకా పోయి చెట్టు కింద కూర్చుండేది. నా మాదిరే ఇంకా ఇరవై మంది.''

నా పార్కు బెంచీ సంగతి ఆయనకు చెప్పాను. పెద్దగా నవ్వాడు. ''మేము ఇరవై మందిమి ఉంటిమి. నువ్వు ఒక్కడివేనా?''

ఆయన గేటు దగ్గర కూర్చోవడం మానేసిన రోజు గురించి కూడా చెప్పాడు. ఒక ఉదయం ఆయన భార్య క్యారియర్ కట్టలేదు. రైలు పాసుకు డబ్బులు చేతిలో పెట్టింది. వెళ్లి బెంగళూరులో ఒక అపార్ట్‌మెంట్ గేటు దగ్గర కాపలా ఉద్యోగంలో చేరాడు. ''రాయిని చేత్తో తట్టి, కూలతాదో నిలుస్తాదో చెప్పే పనిరా నాది. ఆడ గేటు తీసేది, మూసేది. సిగ్గుతో తల దించుకునే రైలెక్కినా. చూస్తే మా ఫోర్‌మన్ కూడా అదే యూనిఫారం వేసుకుని కూర్చుండాడు!'' ఆ ఇద్దరూ పదిహేనేళ్లు అదే బోగీలో తిరిగారు.

రైలు అందర్నీ మోయలేదన్నది కూడా నిజం. దుమ్ము పీల్చి ఊపిరితిత్తులు పాడైన వాళ్లు ప్లాట్‌ఫారం దాకా నడవలేకపోయారు. పరిహారం సొమ్ము కొన్ని ఇళ్లలో చదువులైంది, కొన్ని ఇళ్లలో సారా అయింది. వెళ్లినవాళ్లు కూడా రోజుకు ఐదు గంటలు రైల్లోనే గడిపారు. పిల్లలు తండ్రిని మెలకువగా చూసింది ఆదివారాల్లోనే. దీన్ని విజయగాథ అనడానికి నాకు నోరు రాదు.

గనులు మళ్లీ తెరుస్తారన్న మాట ఈ ఊళ్లో ఎప్పుడూ ఎవరి నోటో ఒకరి నోట ఉంటుంది. 2013లో గ్లోబల్ టెండర్లకు సుప్రీంకోర్టు అనుమతించినప్పుడు పాత కార్మికుల్లో సందడి మొదలైంది. 2024 జూన్‌లో 13 దిబ్బల్లో బంగారం వెలికితీతకు కర్ణాటక మంత్రివర్గం సమ్మతించింది. మళ్లీ సందడి. ''దిబ్బ తవ్వేది మిషన్లు, మాకేం ఒరుగుతాది'' అంటూనే పెద్దాయన మంచం కింద నుంచి రేకు డబ్బా తీశాడు. అందులో గని గుర్తింపు కార్డు, ప్లాస్టిక్ కవరులో భద్రంగా. ''తెరిస్తే అడుగుతారు గదా'' అన్నాడు. 70 దాటిన మనిషి. నవ్వాలో లేదో తెలియక ఊరుకున్నాను. డబ్బాలో కార్డు ఉంచుకుంటూనే ఆయన రైలు పాసు తప్పకుండా కొన్నాడు, అది మాత్రం మర్చిపోలేను.

మర్నాడు చీకటుండగానే మారికుప్పం స్టేషన్‌కు వెళ్లాను. ప్లాట్‌ఫారం మీద కాపలా యూనిఫారాలు, గార్మెంట్ ఫ్యాక్టరీలకు వెళ్లే అమ్మాయిలు, రంగు డబ్బాలు, కాలేజీ సంచులు. ఛాంపియన్, ఊరిగాం, కోరమాండల్... రైలు ప్రతి స్టేషన్‌లో మరికొంత నిండింది. పెయింటింగ్ పనికి ఇద్దరు కావాలని ఒకరు, ఫలానా ఆస్పత్రిలో రాత్రి డ్యూటీ ఖాళీ ఉందని ఇంకొకరు. పత్రికలో ప్రకటన పడేలోపే ఈ బోగీల్లో ఉద్యోగాలు భర్తీ అయిపోతాయనుకుంటాను.

బ్రీఫ్‌కేసు మీద పేకముక్కలు పంచుతున్న ఒకాయన నన్ను అడిగాడు. ''ఏం పని సార్ మీది?''

పద్దెనిమిదేళ్లుగా అలవాటైన జవాబు నాలుక చివరి దాకా వచ్చింది. ''ఉద్యోగం పోయింది. వెతుక్కుంటున్నా'' అన్నాను. ఇంటి బయట ఆ మాట పూర్తిగా అనడం అదే మొదటిసారి.

ఎవరూ అయ్యో అనలేదు. ఏం చదివానో, లెక్కలు రాయడం తెలుసో లేదో అడిగారు. వైట్‌ఫీల్డ్‌లో ఒకరి బావమరిది నంబరు రాసిచ్చారు. ''పొద్దున్నే చెయ్యొద్దు, పదకొండు తర్వాత చెయ్యండి'' అన్నారు. ఆ తర్వాత పేకముక్కల ఆయన కాస్త జరిగి చోటిచ్చాడు.

''మాలూరు దాకా కూర్చోండి సార్. ఆ తర్వాత ఇది వేరేవాళ్ల సీటు.''