పరుల వ్రాతను దిద్దుచు

ఈ సంచికకు వ్యాసము వ్రాయుడని సంఘమువారు కోరినపుడు మాకు కొంత సంకోచము కలిగినది. నలుబది యేండ్లకు పైగా ఇతరుల వ్రాతలను దిద్దుటయే మా వృత్తి. స్వయముగా వ్రాయుట కాదు. గ్రంథముపై మా పేరుండదు; అందు తప్పు దొరలినపుడు మాత్రము మేము జ్ఞప్తికి వత్తుము. అయినను, ఏ సంస్థలోను ఉద్యోగము లేక, ఈ చెన్నపురిలో తెలుగక్షరమును నమ్ముకొని సంసారము నెట్లు నడిపితిమో చెప్పినచో, ఈ దారి పట్టదలచిన యువజనులకు ఉపకరించునని సాహసించుచున్నాము.

ఈ పని ఈ నగరమునకు క్రొత్త కాదు. బ్రౌన్ దొర వేమన పద్యములను 1829లో ఇచ్చటనే అచ్చువేయించెను. కడపలో ఆయన పండితులకు జీతములిచ్చి, వ్రాతప్రతులను పోల్పించి, పాఠములను పరిష్కరింపజేసెను. 1854లో వావిళ్లవారి ముద్రణాలయ మిచ్చట వెలసెను. 1914లో ఆంధ్రపత్రిక బొంబాయినుండి తరలివచ్చి దినపత్రిక యయ్యెను. వీని వెనుక పేరు తెలియని ప్రూఫు దిద్దువారెందరో యుండిరి. ఆ వరుసలో చివర నిలిచినవారము మేము.

1983లో మేము దిగునాటికి సీసపు అక్షరము లింకను మూలబడలేదు. మా కంపోజిటర్లలో పలువురు తమిళులు. అర్థముతో పనిలేక, అక్షరపు రూపమును బట్టియే కూర్చెడివారు. 'బాధ'లో ఒత్తు జారి 'బాద' యగును. అయినను మాటను తమకు తోచినట్లు మార్చువారు కారు. ఆ గుణము విలువ మాకు చాలకాలమునకు గాని తెలియలేదు. గ్యాలీ ప్రూఫు, పేజీ ప్రూఫు, అచ్చుకు ముందు ఆఖరి ప్రూఫు: మూడుమార్లు చదివిన పిదప, పదునారు పుటల ఫారమున కింతయని కూలి.

కూలి చేతికి వచ్చుట వేరొక కథ. ఒక ప్రకాశకుడు వరుసగా మూడు గ్రంథములు దిద్దించుకొని, ఏడాది త్రిప్పి, తుదకు మొగము చాటు చేసెను. ఆ యేడు పిల్లల బడిజీతములకు మా యింటివారి గాజులు తాకట్టుకు పోయినవి. నాటినుండి మూడు నియమములు పెట్టుకొంటిమి. మొదట పది పుటలు దిద్ది చూపుట. ఎన్నిమార్లు చదువవలెనో, ఎంత యీయవలెనో కాగితముపై వ్రాసికొనుట. మూడవవంతు ముందుగా పుచ్చుకొనుట. అడుగుటకు సిగ్గుపడినంతకాలము అప్పులపాలైతిమి. అడిగిన పిదప పని తగ్గలేదు, పెరిగినది.

మా వృత్తికి అసలైన పరీక్ష 1998లో వచ్చినది. హోసూరు ప్రాంతపు పల్లెనుండి విశ్రాంత ఉపాధ్యాయు లొకరు తమ బాల్యస్మృతులు వ్రాసి పంపిరి. మేము మిక్కిలి శ్రద్ధతో దిద్దితిమి. 'ఎనుము' అని యున్నచోట నెల్ల 'గేదె' అని, 'సంగటి'ని 'ముద్ద' అని, 'కయ్య'ను 'పొలము' అని మార్చి, భాషను శుద్ధి చేసితి మనుకొంటిమి. ప్రూఫులు చూచుకొని ఆ వృద్ధుడు బస్సెక్కి మా యింటికే వచ్చిరి. కోపపడలేదు. మంచినీళ్లు త్రాగి, మెల్లగా ఇట్లనిరి:

"నాయనా, మా యింట్లో పాలిచ్చింది ఎనుము. గేదెను నేను పుస్తకాల్లోనే చూసినాను. రేపు నా మనవళ్లు ఇది చదివి, మా తాత మాట్లాడిన తెలుగు ఇదే అనుకొంటారు. అది అబద్ధం గదా?"

మాకు మాట రాలేదు. వారు వెళ్లిన పిదప బ్రౌన్ నిఘంటువు తీసి చూచితిమి. 'ఎనుము' అందు నిక్షేపముగా నున్నది. తమిళుల 'ఎరుమై', కన్నడిగుల 'ఎమ్మె', మన 'ఎనుము' ఒక్క తల్లి బిడ్డలు. మూడు భాషల పొలిమేరలో తరతరములుగా నిలిచిన ఆ మాటను, చదువుకొన్నామను గర్వముతో మేము తరిమివేసితిమి. అప్పటికే మూడు ఫారములు అచ్చయి యుండెను. ఆ కాగితపు ఖర్చు మా కూలిలో తగ్గించుకొనుడని ముద్రాపకులతో చెప్పి, తిరిగి అచ్చువేయించితిమి. ఆ గ్రంథమువలన మాకు మిగిలినది లేదు. కాని, ప్రతి వచ్చినపుడు దానితో ఒక సంచి రాగిపిండి కూడ వచ్చినది. సంగటికని చీటి వ్రాసి పెట్టిరి.

నాటినుండి తెలియని మాట కనబడినపుడు దానిని కొట్టివేయము. అంచున ప్రశ్న వ్రాసి గ్రంథకర్త నడుగుదుము. ప్రతి రచయితకు ఒక చిట్టాపుస్తకము పెట్టి, వారి మాటలు, వారి వర్ణక్రమము అందు వ్రాసికొందుము. తప్పును దిద్దవలెను, మనిషిని దిద్దరాదు.

నేడు సీసము పోయినది, కంప్యూటరు వచ్చినది. ఒక ఫాంటునుండి వేరొకదానికి మార్చునపుడు ఒత్తులు చెదరుట నేటి తంటా. తప్పులు చూపు యంత్రములును వచ్చినవి. వానికి తెలియని మాట తప్పుగానే తోచును; ఒకనాడు మాకును అట్లే తోచినది గదా! కావున, పొరుగు రాష్ట్రములలో పుట్టి ఈ పనికి పూనుకొను యువజనులకు మా మనవి యొక్కటే. ముందు మీ అవ్వలు పలికిన మాటలను ఒక పుస్తకమున వ్రాసికొనుడు. పిదప ఎఱ్ఱసిరా కలమును చేతబట్టుడు.