మూడు పద్దుల ప్రయాణం

వరంగల్లు నుంచి హైదరాబాదు వెళ్ళి రెండు రోజులుండి రావడానికి మూడు పద్దులు రాశాను. చారన్నం పద్దు, పప్పన్నం పద్దు, పులిహోర పద్దు. మూడోదాంట్లో కారూ, పెద్ద హోటలూ ఉన్నాయి. మావారు దాన్ని చదవకుండానే మడిచేశారు.

చారన్నం పద్దంటే బస్సు, బంధువులిల్లు. 2023 డిసెంబరు నుంచి తెలంగాణ ఆడవాళ్ళకి ఎక్స్‌ప్రెస్ బస్సులు ఉచితం కదా! అత్తమ్మకీ, నాకూ, అమ్మాయికీ సున్నా టికెట్టు. డబ్బిచ్చి ఎక్కేది ఆయనొక్కరే.

బంధువులిల్లు ఉచితమని మాత్రం ఎవరన్నారండీ? మిఠాయి, పళ్ళు, పిల్లల చేతుల్లో పెట్టే నోట్లు, వదినగారికి జాకెట్టు గుడ్డ... కూడి చూస్తే మామూలు లాడ్జి గది అద్దెకి దగ్గర పడింది. లాడ్జిలోనైతే గిన్నెలు తోమక్కర్లేదు కూడా! అంచేత పప్పన్నం పద్దే ఖాయమైంది.

అత్తమ్మ కోరింది ఒక్కటే, సాలార్‌జంగు మ్యూజియంలో బొమ్మ వచ్చి గంట కొట్టే గడియారం. శుక్రవారం సెలవు గనక శనివారం పెట్టుకున్నాం. ఆ మోకాళ్ళతో సిటీ బస్సు మెట్లెక్కలేరు. ఆటో అంటే ఒప్పుకోరు. "ఉత్తగ బస్సుండంగ ఆటో ఎందుకు బిడ్డా?"

దసరా చీరకని దాచుకున్న దాంట్లోంచి కొంత తీశాను. పద్దులో ఆటో అని రాయలేదు, 'ఇతరములు' అని రాశాను.