రాణిగంజ్ పైపులు.. బన్సీలాల్‌పేట బావిలో క్రేన్ షాట్!

సికింద్రాబాద్ రాణిగంజ్ అనగానే మనలో చాలామందికి గుర్తొచ్చేది ట్రాఫిక్ ఒక్కటే. కానీ బస్సు దిగి సందుల్లోకి నడిచి చూడండి, అదో వేరే లోకం! ఒక షాపు నిండా బోల్టులే. పక్క షాపు నిండా బేరింగులే. ఆ పక్కన పంపులు, మోటార్లు, గొలుసులు, పైపులు. ట్రాలీ ఆటోల్లోంచి ఇనుము దింపుతుంటే పక్కవాడి మాట కూడా వినిపించదు. షార్ట్ ఫిల్మ్ తీసే కుర్రాళ్లు కెమెరా అద్దెకు కావాలంటే కృష్ణానగర్ వెళ్తారు. ఆ కెమెరాని తక్కువ ఖర్చులో గాల్లోకి లేపాలంటే మాత్రం ఇక్కడికి రావాల్సిందే.

మా బ్యాచ్ నలుగురం. వారమంతా కోడింగ్, వీకెండ్ షూటింగ్. ఈసారి కథ బన్సీలాల్‌పేట మెట్లబావిది. రాణిగంజ్‌కి దగ్గరే. ఏళ్ల తరబడి చెత్తతో పూడిపోయిన ఈ బావిని శుభ్రం చేసి 2022 డిసెంబర్‌లో మళ్లీ తెరిచారు. మా ఫ్రెండ్ వాళ్ల నానమ్మ చిన్నప్పుడు ఇక్కడి నుంచే నీళ్లు మోసిందట. ఇప్పుడామెకి ఎనభై దాటాయి, మోకాళ్ల నొప్పులు. “ఒక్కసారి దిగుతా. మళ్లా మళ్లా అంటే నా వల్ల కాదు” అని ముందే చెప్పేసింది. అంటే మాకు దొరికేది ఒకే ఒక్క టేక్!

షాట్ ఆమె పాదాల దగ్గర మొదలవ్వాలి. మెల్లగా పైకి లేచి బావి మొత్తం కనిపించాలి. డ్రోన్ అంటారా? బేగంపేట ఎయిర్‌పోర్టు దగ్గర్లోనే ఉంది, అనుమతుల తలనొప్పి. పైగా ఆ రొదలో పెద్దావిడ మాటలేం వినిపిస్తాయి?

అందుకే క్రేన్. కొన్నవి ఇవీ: ఎనిమిది అడుగుల అల్యూమినియం చదరపు పైపు, దాని కింద సమాంతరంగా నడిచే ఆరడుగుల సన్నపైపు, స్కేటింగ్ చక్రాల్లో వాడే 608 రకం బేరింగులు, 8 ఎం.ఎం. బోల్టులు, వదులవ్వని నైలాన్ నట్లు. రెండు పైపులెందుకంటే, ఒక్కటే ఉంటే చెయ్యి పైకి లేచేకొద్దీ కెమెరా కూడా ఆకాశం వైపు చూస్తుంది. రెండూ సమాంతరంగా ఉంటే స్కూల్లో చదివిన సమాంతర చతుర్భుజమే! ఎంత ఎత్తుకి లేచినా కెమెరా చూపు మారదు.

మామూలు ఫొటో ట్రైపాడ్ ఈ బరువుని మోయలేదు. ఓ వెల్డింగ్ షాపు మేస్త్రీ మూడు ఇనుప పైపులతో స్టాండు చేసిచ్చాడు. మా డ్రాయింగ్ చూసి నవ్వేశాడు. “గిది యాతమే గద తమ్మీ! మా తాత దీంతోనే పొలానికి నీళ్లు తోడిండు” అన్నాడు. నిజమే. ఒక చివర బాన, రెండో చివర బరువు, మధ్యలో ఆధారం. బాన ఉండాల్సిన చోట మేం కెమెరా పెడుతున్నాం, అంతే తేడా.

లెక్క కూడా ఏతం లెక్కే. ఆధారానికి ముందు ఆరడుగులు, వెనక రెండడుగులు. కెమెరా, దాని ప్లేటు కలిపి 2 కిలోలు. ముందు పొడవు మూడు రెట్లు కాబట్టి వెనక 6 కిలోలు కావాలి. పైపుల బరువుకి ఇంకో రెండు కిలోలు, మొత్తం దాదాపు 8. సెకండ్ హ్యాండ్ జిమ్ ప్లేట్లు ఐదు కిలోలది ఒకటి, రెండున్నరది ఒకటి తగిలించాం. మిగతాది నీళ్ల బాటిల్‌తో సరి! బరువెక్కువైతే ఓ గుక్క తాగడం, తక్కువైతే ఇంకొంచెం పోయడం. వేలితో తోస్తే లేచి, వదిలిన చోటే ఆగితే బ్యాలెన్స్ కుదిరినట్టు. అన్నీ కలిపి నాలుగు వేల లోపే అయింది.

ఒక్క జాగ్రత్త మాత్రం ప్రాణం లాంటిది. బ్యాలెన్స్‌లో ఉన్న క్రేన్ నుంచి ముందు కెమెరా తీశారో, వెనక బరువు ధబ్బున దిగి ముందు చివర ఎగిరి మొహానికి తగులుతుంది. కెమెరా వైపు చివరని నేలకి దించి, ఒకరు గట్టిగా పట్టుకోవాలి. ముందు బరువులు తీసి, ఆ తర్వాతే కెమెరా విప్పాలి. బిగించేటప్పుడు దీనికి తలకిందులు. మనుషుల తల మీదుగా క్రేన్ తిప్పకూడదు. స్టాండు కాళ్ల మీద ఇసుక మూటలు తప్పనిసరి.

అనుమతి తీసుకుని ఆదివారం పొద్దున్నే బావికెళ్లాం. నానమ్మ క్రేన్‌ని ఎగాదిగా చూసి, “నా మీద పడదు గదరా?” అంది. “నీ పక్కన లేస్తదే, నీ పైకి రాదు” అని మనవడు తాడు పట్టుకుని చూపించాడు. అప్పటికి నమ్మింది.

మెట్టు మెట్టుకీ ఆగుతూ దిగింది. కెమెరా నేలకి అడుగు ఎత్తులో మొదలై ఎనిమిది అడుగుల దాకా లేచింది. పాదాలు, మెట్లు, రాతి స్తంభాలు, అడుగున పచ్చటి నీళ్లు. ఆమె చివర్లో నడుం మీద చెయ్యి పెట్టుకుని, బిందె ఎత్తుకున్నట్టు ఒక పక్కకి ఒరిగి నిలబడింది. అలా నిలబడమని మేమెవరం చెప్పలేదు. అరవై ఏళ్ల కిందటి అలవాటు, ఒంటికే గుర్తుందేమో!

షాట్ నిడివి ఇరవై సెకన్లు కూడా లేదు. కట్ చెప్పాక పైకి చెయ్యందిస్తే, “ఉండండ్రా, కాసేపు కూర్చోనివ్వండి” అని ఆ మెట్టు మీదే కూర్చుంది. మేం బరువులు విప్పడం మొదలుపెట్టాం.