ఒకవైపు చుట్టాలు

పెళ్లి నిజమైందో దొంగదో తేల్చటానికి అమెరికా వాళ్లకు ఒక చట్టం ఉంది. 1986లో చేశారు. అక్కడి పౌరులు పరాయి దేశం మనిషిని పెళ్లి చేసుకుని తీసుకుపోతే, పెళ్లయి రెండేళ్లు నిండనివాళ్లకు మొదట రెండేళ్ల కార్డే ఇస్తారు. ఆ గడువు తీరబోయే ముందు ఇద్దరూ కలిసి మళ్లీ అర్జీ పెట్టుకోవాలి. దొంగపెళ్లని తేలితే ఐదేళ్ల దాకా జైలు, రెండున్నర లక్షల డాలర్ల దాకా జరిమానా. అట్టాంటి పెళ్లి చేసుకున్న మనిషి కోసం తర్వాత ఎవరు అర్జీ పెట్టినా మంజూరు కాదు.

ఆ చట్టం అడిగేది ఒకటే. పెళ్లినాడు ఇద్దరికీ కలిసి కాపరం చెయ్యాలన్న తలంపు ఉందా, లేదా? ప్రశ్న మంచిదే. కానీ తలంపును ఆఫీసరు కళ్లతో చూడలేడు. అందుకని కాయితాలు చూస్తాడు. పెళ్లి ఫొటోలు, రెండువైపుల తల్లిదండ్రులు, రాసుకున్న ఉత్తరాలు, ఫోను బిల్లులు, ఇద్దరి పేరున బ్యాంకు ఖాతా, తెలిసినవాళ్ల ప్రమాణ పత్రాలు. ఈ కాయితాలు ఎవరి ఇళ్లల్లో ఉంటాయి, ఎవరి ఇళ్లల్లో ఉండవు? నేను చెప్పదలుచుకుంది దాని గురించే.

నేను మాదిగపల్లెలో పుట్టాను. రేపల్లెకు కిందగా, సముద్రం వైపు ఊరు మాది. మాయమ్మ కూలికి పోయేది. నాయన చెప్పులు కుట్టటం మానేసి రిక్షా తొక్కాడు. పదో తరగతి అయినాక పాస్టరుగారు తీసుకుపోయి ఒక మిషన్ ఆసుపత్రి నర్సింగు స్కూల్లో చేర్పించారు. మా పల్లెల్లోంచి ఆడపిల్లలు ఈ పనిలోకి ఎక్కువగా పోవటానికి కారణం ఉంది. చీమూ నెత్తురూ ముట్టుకునే పని చేయటానికి పెద్దకులాల వాళ్లు తమ పిల్లల్ని పంపేవాళ్లు కాదు. మిషనరీలు మమ్మల్ని రమ్మన్నారు. మేం పోయాం. వాళ్లు ఏవగించుకున్న పనే మాకు అన్నం పెట్టింది.

2001లో గుంటూరులో ఒక ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుగా ఉన్నప్పుడు, అక్కడి ల్యాబులో పనిచేసే అబ్బాయి పరిచయమయ్యాడు. కమ్మవారి పిల్లాడు. నాకంటే మూడేళ్లు చిన్న. రెండేళ్లకు మాకిద్దరికీ సంగతి అర్థమైపోయింది. అర్థమైన రోజు నుంచి మా పనల్లా దాచుకోటమే.

ఒక్క ఫొటో దిగలేదు. సినిమాకు పోలేదు. తర్వాత ఆయన ఉద్యోగానికి విజయవాడ పోయాడు. గదిలో తన ఊరి వాళ్లే నలుగురు ఉండేవాళ్లు. నేను రాసే ఉత్తరాలు వాళ్ల చేతిలో పడతాయి. అందుకని మగవాడు మగవాడికి రాసినట్టు రాసేదాన్ని. "ఏరా, ఎట్టా ఉన్నావు" అని మొదలుపెట్టి, "ఇట్లు, నీ మిత్రుడు" అని ముగించేదాన్ని. దొరికితే నా ఉద్యోగం పోద్దన్నది చిన్న భయం. మా పల్లె మీదికొస్తారన్నది పెద్ద భయం.

2005లో అమెరికా ప్రభుత్వం నర్సులకీ, ఫిజియోథెరపిస్టులకీ కలిపి 50,000 వీసాలు ప్రత్యేకంగా ఇచ్చింది. అప్పటికే పరీక్షలు రాసి ఉన్నాను. 2006లో హ్యూస్టన్ పోయాను. ఆ తర్వాత అంతా ఫోన్లే. అక్కడి ఇండియా కొట్టులో ఐదు డాలర్ల కార్డు కొనుక్కుని, గీకి, నంబరు కొట్టి మాట్లాడాలి. ఆ కార్డుకు బిల్లు రాదు. మాట్లాడటం అయిపోగానే చెత్తబుట్టలో వేసేదాన్ని. ఆయన సెల్లులో నా నంబరు ల్యాబు పేరుతో ఉండేది.

ఎనిమిదేళ్లు అట్టా జరిపాం. ఎందుకు ఆగారని చాలామంది అడిగారు. ఆయనకు ఇద్దరు చెల్లెళ్లు. అన్న మాదిగ పిల్లను చేసుకున్నాడంటే ఆ పిల్లలకు సంబంధాలు రావు. రెండో చెల్లెలి పెళ్లి 2013లో అయింది. నాకు అమెరికా పౌరసత్వం 2012లోనే వచ్చింది. ఈ రెండు తేదీలూ పక్కపక్కనే పడ్డాయి. అదే తర్వాత మా మెడకు చుట్టుకుంది.

2014 మొదట్లో ఆరు వారాల సెలవు పెట్టి వచ్చాను. పెళ్లి ఎక్కడ చేసుకోవాలి? మా చర్చిలో చేసుకుంటే కుర్రాణ్ణి మతం మార్చారంటారు. పైగా నాకు చర్చిలో పెట్టిన పేరు ఒకటి, బళ్లో రాయించిన పేరు ఒకటి. క్రైస్తవులమని రాయిస్తే ఎస్సీ సర్టిఫికెట్ రాదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు అట్టా ఉంది, ఇప్పటికీ అట్టానే ఉంది. అందుకని మా పల్లెలో చాలామందికి రెండేసి పేర్లు. "ఇంకే పేర్లతో అయినా పిలవబడ్డారా" అని వీసా ఫారంలో ఒక గడి ఉంటది. ఆ గడిలో ఒక్క పేరు రాయటానికి మా బతుకంతా వివరించాల్సొస్తది.

చివరికి 1954 ప్రత్యేక వివాహ చట్టం కింద రిజిస్ట్రారు ఆఫీసులో చేసుకుందామనుకున్నాం. ఆ చట్టం కులాంతరం వాళ్లకూ, మతాంతరం వాళ్లకూ దారి ఇచ్చింది. ఆ దారి మధ్యలోనే ఒక ముల్లకంప కూడా వేసింది. మన పేర్లూ, ఊళ్లూ, చిరునామాలూ రాసి నోటీసు ఇవ్వాలి. దాన్ని ఆఫీసు గోడకు అంటిస్తారు. ముప్పై రోజులు ఆగాలి. ఎవరికైనా అభ్యంతరం ఉంటే చెప్పుకోవచ్చు. అమ్మానాయనా కుదిర్చిన పెళ్లికి శుభలేఖలు పంచుతారు. మాలాంటి వాళ్ల పెళ్లికి, ఎవరికి తెలియకూడదో వాళ్లకే సర్కారు శుభలేఖ పంచుద్ది.

పన్నెండో రోజుకు ఆయన మేనమామకు తెలిసింది. నలుగుర్ని వెంటేసుకుని మా పల్లె మొగదల కారాపాడు. మా తమ్ముణ్ణి పిలిపించి అన్నాడు: "ఏరా, డాలర్లు చూపించి మావోణ్ణి కొనుక్కున్నారంట గదా. ఎంతకు కొన్నారు?"

తమ్ముడు మాట్లాడలేదు. కారు పోయిందాకా మాయమ్మ వాకిట్లోనే నిలబడింది. తర్వాత నా దగ్గరికొచ్చి మెల్లగా అడిగింది. "ఆ పిల్లోడు నిన్ను చూసి వస్తన్నాడా, అమెరికాను చూసి వస్తన్నాడా? కాయితం చేతికొచ్చినాక వదిలేస్తే నీ గతేంది?"

మేనమామ అడిగింది తిట్టు. మాయమ్మ అడిగింది భయం. రెంటికీ వేరు ఒకటే. లాభం లేకుండా పెద్దకులపోడు మాదిగదాన్ని పెళ్లి చేసుకుంటాడంటే ఊరు నమ్మదు. ఊరు నమ్మకపోగా నమ్మకపోగా, మా పల్లె కూడా నమ్మటం మానేసింది.

పెళ్లి జరిగింది. సాక్షులు ముగ్గురు: మా తమ్ముడు, నాతో పనిచేసిన సిస్టరు, ఆయన స్నేహితుడు. ఫొటోల్లో మాయమ్మ, పిన్ని, పాస్టరుగారు, ఇద్దరు నర్సులు. ఆయన పక్కన ఆ స్నేహితుడొక్కడే. మొత్తం పందొమ్మిది ఫొటోలు.

హ్యూస్టన్ తిరిగిపోయి భర్త కోసం అర్జీ పెట్టాను. కాయితాలు ఒక ఆఫీసు నుంచి ఇంకో ఆఫీసుకు నడిచి, 2015లో ఇంటర్వ్యూ పడింది. హైదరాబాదులో అమెరికా కాన్సులేటు ఉన్నా ఈ రకం వీసా అక్కడ ఇవ్వరు. ముంబై పోవాలి. ఆయన రాత్రి రైలెక్కి పోయాడు. బాంద్రా కుర్లా కాంప్లెక్సులో అద్దం ఇవతల నిలబడి జవాబులు చెప్పాడు. నాకప్పుడు నైట్ డ్యూటీ. పేషెంట్ల మధ్య తిరుగుతున్నానే గానీ ప్రాణమంతా ఫోను మీదే ఉంది.

ఆఫీసరమ్మ మర్యాదగానే మాట్లాడిందంట. మీ అమ్మానాన్నలు పెళ్లికి ఎందుకు రాలేదు? మీ భార్య మీకంటే పెద్ద కదా? మతం వేరా? పెళ్లికి ముందు కలిసి దిగిన ఫొటో ఒక్కటీ లేదేం? పదమూడేళ్ల పరిచయమంటున్నారు, ఆమెకు పౌరసత్వం వచ్చిన తర్వాతే ఎందుకు చేసుకున్నారు?

ఆయన "కులం" అన్నాడు. ఏ ప్రశ్నకైనా జవాబు అదే. ఐదు ప్రశ్నలకూ ఒకే జవాబు చెబితే వినేవాళ్లకు కంఠతా పెట్టిన పాఠం లాగా ఉంటది. ఇంకా రుజువులు పంపమని ఒక కాయితం చేతిలో పెట్టి పంపించారు. దాన్ని 221(జి) అంటారు.

ఆమెను నేను తప్పుపట్టను. డబ్బులిచ్చి ఉత్తుత్తి పెళ్లిళ్లు చేసుకునేవాళ్లు ఉన్నారు. వాళ్లను పట్టుకోటానికే ఆమె అక్కడ కూర్చుంది. ఆమె చూసే గుర్తులు ఏవి? చిన్న పెళ్లి, రాని తల్లిదండ్రులు, కలవని మతం, పెద్ద వయసు భార్య, పెళ్లికి ముందు ఆనవాళ్లు లేకపోటం. దొంగపెళ్లికి ఉండే గుర్తులివి. మాదిగ పిల్ల కులం దాటి చేసుకున్న పెళ్లికీ ఇవే గుర్తులు. దొంగ దాక్కున్నాడు, ప్రాణభయం ఉన్నవాడూ దాక్కున్నాడు. ఇద్దరి అడుగులూ ఒక్కలాగే ఉంటాయి.

ఇంకొకటి కూడా చెప్పాలి. మా తెలుగువాళ్లలో అమెరికా సంబంధమంటే కట్నం రేటు వేరు. పొలాలు అమ్మి కట్నమిచ్చి, కల్యాణమండపంలో వెయ్యిమందికి భోజనాలు పెట్టి, రెండు ఆల్బములు నిండా ఫొటోలు తీయించుకుంటారు. 1961 నుంచి కట్నం నేరమే. కానీ ఆ ఆల్బములు అద్దం కింద నుంచి తోస్తే ఆ పెళ్లి నిజమైన పెళ్లి. వీసా కోసం చేసుకుంటే దొంగపెళ్లి అయింది. పొలం కోసం చేసుకుంటే ఎందుకు కాలేదో మీరే చెప్పండి.

ఇక రుజువులు వెతకటం మొదలుపెట్టాను. మాయమ్మకు ఫోను చేసి పాత ట్రంకుపెట్టె తియ్యమన్నాను. ఆమెకు కోపమొచ్చింది. "నాకూ మీ నాయనకూ పెళ్లయినట్టు కాయితం యాడుందే? చర్చి పుస్తకం 77 ఉప్పెనలో కొట్టుకపోయె. మేం కాపరం చెయ్యలేదా?" అంది. తిట్టుకుంటూనే వెతికింది.

నేను మిత్రుడిగా రాసిన ఉత్తరాలు ఆయన దాచుకున్నాడు. నలభై ఒకటి ఉన్నాయి. కానీ అందులో ఆడపేరు లేదు, ప్రేమ అన్న మాట లేదు. అవి నేను రాసినవేనని ఎట్టా చూపించాలి? ట్రంకుపెట్టెలో నా నర్సింగు రికార్డు పుస్తకం దొరికింది. జ్వరం చార్టులు, ఇంజెక్షన్ల లెక్కలు, కొన్ని పేజీల్లో రోగుల మాటలు తెలుగులో. కింద టీచరు సంతకం, తేదీ. ఆ అక్షరాలూ ఈ అక్షరాలూ పక్కపక్కన పెట్టి జిరాక్సు తీయించాం. ఉత్తరాలు ఇంగ్లీషులోకి చేయించి, అనువాదం సరైందేనని సంతకం పెట్టించాం. మగవాడి గొంతుతో ఎందుకు రాశానో రెండు పేజీలు రాశాను. రిజిస్ట్రారు గోడ మీది నోటీసు నకలు పెట్టాను. మాయమ్మ వేలిముద్ర వేసి వాంగ్మూలం ఇచ్చింది. మేనమామ అన్న మాట అందులో ఉన్నదున్నట్టు చెప్పింది. మా పెళ్లి నిజమని చెప్పటానికి ఆ తిట్టే పెద్ద సాక్ష్యం అయింది. డబ్బుకు చేసుకున్న ఉత్తుత్తి పెళ్లయితే ఆ మేనమామ అంత దూరం కారేసుకుని వస్తాడా?

నాలుగు నెలలకు వీసా వచ్చింది.

2017లో రెండేళ్ల కార్డు గడువు దగ్గరపడింది. మళ్లీ రుజువులు. ఈసారి కొంత సులువే. ఇద్దరం కలిసి కట్టిన పన్నుల కాయితాలు, అద్దె ఒప్పందం, ఇన్సూరెన్సు ఉన్నాయి. తెలిసినవాళ్ల ప్రమాణ పత్రాల దగ్గరే చిక్కొచ్చింది. మొదట్లో తెలుగు కుటుంబాలు రెండుమూడు మా ఇంటికి భోజనానికి వచ్చేవి. ఆయన ఇంటిపేరు విని వచ్చారు. నా ఊరు, నా చర్చి ఆరా తీశాక రావటం తగ్గించారు. సంతకం అడిగితే ఒకాయన, "మీ పర్సనల్ విషయాలు మాకేం తెలుసమ్మా" అన్నాడు. మా వార్డు హెడ్‌నర్సు నల్లజాతి ఆమె. ఆమె అడక్కుండానే రాసిచ్చింది. ఇంకొకటి ఫిలిప్పీన్స్ నర్సు రాసింది. మాది ఏ కులమో వాళ్లకు తెలియదు. మేం రోజూ ఒకే క్యారేజీలో తింటామని తెలుసు.

ఆ అర్జీ తేలక ముందే, 2018 సెప్టెంబర్ 14న, మిర్యాలగూడలో ప్రణయ్‌ను చంపేశారు. దళిత పిల్లవాడు. పెద్దకులం అమ్మాయిని పెళ్లి చేసుకున్నాడు. కడుపుతో ఉన్న భార్యను ఆసుపత్రిలో చూపించుకుని వస్తుంటే, ఆమె పక్కనే ఉండగా నరికారు. ఆ వీడియో మా ఆయన ఒక్కసారే చూశాడు. ఆ రోజు డ్యూటీకి పోలేదు. అన్నం తినలేదు. "మన నోటీసు కూడా ముప్పై రోజులు గోడ మీదే ఉందిగా" అన్నాడు. అంతే అన్నాడు. ప్రణయ్ పెళ్లి నిజమైందని రుజువు చేయమని ఆ తర్వాత ఎవరూ అడగలేదు.

2019లో పదేళ్ల కార్డు వచ్చింది. రెండు దేశాల సర్కార్లు మాది పెళ్లేనని ఒప్పుకున్నాయి. మాయమ్మ ఒప్పుకోటానికి కూడా అన్నేళ్లు పట్టింది. కార్డు వచ్చినాక కూడా అల్లుడు ఇంట్లోనే ఉన్నాడా అని ఆర్నెల్ల దాకా ప్రతి ఆదివారం అడిగేది. ఇప్పుడు అడగటం లేదు. నాతో కంటే ఆయనతోనే ఎక్కువ మాట్లాడుతుంది.

ఆయన ఊళ్లో మాత్రం, మావాడు అమెరికాలో ఉన్నాడు, ఇంకా పెళ్లి చేసుకోలేదనే చెబుతారంట. నలభై ఏళ్లు దాటినవాడికి ఇప్పటికీ సంబంధాలు చూస్తున్నట్టు మాట్లాడతారంట. కాన్సులేటు అడిగితే నలభై ఒక్క ఉత్తరాలు చూపించాను. వాళ్లు అడిగే రుజువు వేరే ఉంది. నేను మాదిగదాన్ని కానని చూపించాలి. అది నా దగ్గర లేదు. ఉన్నా ఇయ్యను.