మౌలాలి ముచ్చట్లు - 17: తమ్ముని సర్టిఫికెట్



పోయిన ఆదివారం మా గల్లీ పిన్ని ఒకామె కొడుకును వెంటేసుకుని ఇంటికొచ్చింది. పిల్లగాడు పది పాసయిండు. లెక్కల్లో మంచి మార్కులు. ఏం చదువుతవురా అంటే తలకాయ దించుకుని "ఐటీఐ, ఫిట్టర్" అన్నడు. నేను ఒక్క క్షణం కూడా ఆగలే. "ఐటీఐ ఎందుకు పిన్నీ, ఇంటర్ల ఏపియ్యి, డిగ్రీకి నేను చూసుకుంటా" అన్నా.

మా తమ్ముడు అప్పుడే డ్యూటీ నుంచి వచ్చి అన్నం తింటున్నడు. కంచం ముందల్నే కూసుని అడిగిండు: "ఎందుకు అంటే ఏం జెప్తవ్ అక్కా? నేను చదవలే?"

ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. వారం నుంచి ఆలోచిస్తున్నా. అందుకే ఈ వారం రాద్దామనుకున్న పుస్తకం ముచ్చట పక్కకు పెట్టి ఇది రాస్తున్నా.

2012లో నేను పీహెచ్‌డీలో చేరాను, వాడు ఒక ప్రైవేట్ ఐటీఐలో ఫిట్టర్ ట్రేడులో చేరాడు. ఒకే ఇల్లు, ఒకే కుల సర్టిఫికెట్, ఒకే ఆదాయ సర్టిఫికెట్. నాకు రాజీవ్‌గాంధీ జాతీయ ఫెలోషిప్ వచ్చింది, అప్పట్లో నెలకు 16,000. కేంద్రం పోస్ట్‌మెట్రిక్ స్కాలర్‌షిప్ మార్గదర్శకాల్లో ఇంటి నుంచి పోయి వచ్చే ఐటీఐ పిల్లగాడి మెయింటెనెన్స్ రేటు నెలకు 230. నా ఫెలోషిప్ ఎక్కువ అని అంటలేను, అది లేకపోతే నేను ఈ రోజు క్లాసులో నిలబడి పాఠం చెప్పేదాన్ని కాదు. కానీ ఆ రెండు అంకెలను ఒకే కాగితం మీద పక్కపక్కన రాసి చూడటానికి నాకు పన్నెండేళ్లు పట్టింది.

230 రూపాయలతో ఏమొస్తది? ఐటీఐ అంటే పొద్దున పోతే సాయంత్రం దాకా వర్క్‌షాపు. హాజరు తగ్గితే స్కాలర్‌షిప్ పోతది. కాబట్టి నడుమ పనికి పోయి నాలుగు పైసలు తెచ్చుకునే దారి లేదు. ఖాకీ డ్రెస్సు, తోలు బూట్లు, స్టీల్ స్కేలు, బస్ పాసు, మధ్యాహ్నం టిఫిన్ డబ్బా. వాడు మొదటి మూడు నెలలు చెప్పులతోనే ఆకురాయి పట్టిండు. ఇనుప రజను వేళ్ల సందుల్లో దిగి పుండ్లయినయి. అమ్మ రాత్రి పసుపు పెట్టేది. పక్క గదిలో నేను దళిత కథల్లో శ్రమ సౌందర్యం అని ఒక అధ్యాయం రాస్తున్నా. నలభై పేజీలు. మా గైడు మెచ్చుకున్నారు కూడా.

రెండేళ్లు అయిపోయినయి. వాడు పాసయిండు. కాలేజీవాళ్లు సర్టిఫికెట్ ఇయ్యలే. "సర్కారు నుంచి మీ ఫీజు పైసలు రాలే, పదకొండు వేలు కట్టి తీస్కపో" అన్నరు. అదే టైముకు రైల్వే అప్రెంటిస్ నోటిఫికేషన్ పడ్డది. మెరిట్ లిస్టు పది మార్కులు, ఐటీఐ మార్కులు కలిపి తీస్తరు. ఐటీఐ కాగితం చేతిల లేకపోతే దరఖాస్తే లేదు. రైల్వేల అప్రెంటిస్ చేసినోళ్లకు తర్వాత గ్రూప్-డి లెవెల్ ఉద్యోగాల్లో 20 శాతం కోటా ఉంటది. అంటే ఆ పదకొండు వేలు వాని ఉద్యోగానికి మొదటి మెట్టు.

ఆ నెల నేను లాప్‌టాప్ కొన్నా.

వాడు నన్ను అడగలేదు. "అక్క చదువుకుంటుంది, అడగకు" అని వాడే అమ్మకు చెప్పిండట. ఈ సంగతి నాకు మూడేళ్ల తర్వాత, వేరే ఏదో కొట్లాటలో అమ్మ నోటి నుంచి తెలిసింది. పద్నాలుగు నెలలకు పైసలు కట్టి సర్టిఫికెట్ తెచ్చుకున్నడు. తర్వాతి నోటిఫికేషన్‌లో లిస్టులో పేరు రాలే. ఇప్పుడు మల్లాపూర్‌లో ఒక కాంట్రాక్టర్ దగ్గర హెల్పర్. చేసేది ఫిట్టర్ పనే, రాసేది హెల్పర్ అని, ఇచ్చేది కూడా హెల్పర్ జీతమే.

మౌలాలి నుంచి తార్నాకకు పోతుంటే లాలాపేట దాటుతం గదా, ఆ పక్కనే లాలాగూడ రైల్వే వర్క్‌షాపు. 1893 నాటిది, నిజాం రైల్వే కాలం నాటిది. నేను యూనివర్సిటీకి రోజూ ఆ దారినే పోయినా. అది చూసినప్పుడల్లా ఇప్పుడు నాకు బాబాసాహెబ్ 1942 వినతిపత్రం యాదికొస్తది. వైస్రాయ్ కౌన్సిల్‌లో ఉండి ఆయన షెడ్యూల్డ్ కులాల కష్టాల మీద గవర్నర్ జనరల్‌కు రాసి ఇచ్చిన పత్రం. అందులో ఆయన సైన్సు, టెక్నాలజీ చదివే మన పిల్లలకు స్కాలర్‌షిప్‌లు అడిగారు, విదేశీ చదువుకు పైసలు అడిగారు. ఇవి మనం సభల్లో చెప్తుంటం. మనం చెప్పని మూడోది ఒకటుంది: ప్రభుత్వ ప్రింటింగ్ ప్రెస్సుల్లో, రైల్వే వర్క్‌షాపుల్లో మన పిల్లలకు అప్రెంటిస్ చోట్లు. 1944లో మొదలైన పోస్ట్‌మెట్రిక్ స్కాలర్‌షిప్‌కు వెనుక ఉన్నది ఆ అడుగుడే. కొలంబియాలో చదివిన మనిషి రెంచి పట్టే పిల్లగాడిని మరువలేదు. ఓయూలో చదివిన నేను మరిచిన.

ఇప్పటి లెక్కలు చూడండి. 2020 డిసెంబరులో కేంద్ర మంత్రివర్గం ఈ పథకాన్ని మార్చింది. అయిదేళ్లకు మొత్తం 59,048 కోట్లు, కేంద్రం 60, రాష్ట్రం 40. కోర్సులను నాలుగు గ్రూపులు చేశారు. ఇంటి నుంచి పోయే పిల్లలకు మొదటి గ్రూపులో, అంటే ఇంజనీరింగ్, మెడిసిన్ లాంటి చదువులకు, ఏడాదికి 7,000. నాలుగో గ్రూపులో 2,500. హాస్టల్‌లో ఉంటే 13,500 ఒక దిక్కు, 4,000 ఒక దిక్కు. ఐటీఐ, పాలిటెక్నిక్ ఇంటర్‌తో కలిపి నాలుగో గ్రూపులోనే ఉన్నయి. పది పాసయి చేరే చదువు కాబట్టి అట్లనట. ఇంటర్ పిల్లగానికి తోలు బూట్లు అక్కరలేదు, ఐటీఐ పిల్లగానికి కావాలె అన్నది ఆ గ్రూపులు చేసినోళ్లకు తట్టలే. ఆంధ్రలో 2020లో వసతి దీవెన పెట్టినప్పుడు డిగ్రీకి 20,000, పాలిటెక్నిక్‌కు 15,000, ఐటీఐకి 10,000 అన్నరు. అంకె పెద్దది, మెట్లు మాత్రం అవే. చేతిపని కింది మెట్టు మీదనే.

ఇంకో తిరకాసు ఉంది. కొత్త పద్ధతిలో రాష్ట్రం తన 40 వేస్తేనే కేంద్రం తన 60 వేస్తది. రాష్ట్రం ఆలస్యం చేస్తే రెండూ ఆగుతయి. పైసలు కాలేజీకి కాక పిల్లగాని ఖాతాలోకి రావాలె అని పెట్టడం మంచిదే, కానీ ఖాతాలో పడేదాకా కాలేజీవాడు ఊకోడు గదా. సర్టిఫికెట్ వాని బీరువాలో ఉంటది.

2024 జూన్‌లో మల్లేపల్లి ఐటీఐలో ముఖ్యమంత్రి శంకుస్థాపన చేశారు. టాటా టెక్నాలజీస్‌తో కలిసి 65 ఐటీఐలను 2,324 కోట్లతో అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మారుస్తమన్నరు. రోబోలు వస్తయన్నరు. రానియ్యండి, నాకు సంతోషమే. రోబో ముందు నిలబడే పిల్లగాని కాళ్లకు ఏముంటయో కూడా అడుగుదాం అంటున్నా.

అడిగేది ఎవరు? మనమే గదా అడగాల్సింది. ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీద నేను కూసున్న ధర్నాలు లెక్కపెట్టుకున్నా. ఫెలోషిప్ కోసం, మెస్ చార్జీల కోసం, హాస్టల్ కోసం. రోహిత్ చివరి ఉత్తరంలో కూడా ఏడు నెలల ఫెలోషిప్ బాకీ లెక్క ఉంది. ఆ ఉత్తరం చదివి ఏడ్చినోళ్లం మనం. ఆ ధర్నాలన్నీ న్యాయమైనవే, ఒక్కటి కూడా వెనక్కి తీసుకోను. కానీ ఐటీఐ పిల్లగాని మెయింటెనెన్స్ పెంచాలని, ఆగిన సర్టిఫికెట్లు ఇప్పించాలని ఒక్క ప్లకార్డు పట్టుకున్న యాది నాకు లేదు. ఆ పిల్లలకు క్యాంపస్ లేదు, అర్ధరాత్రి టీ తాగి చర్చ పెట్టుకునే హోటల్ లేదు, పేపర్లో వార్త రాసే సీనియర్ లేడు. సాయంత్రం అయితే ఇంటికి పోతరు, పొద్దుగాల లేచి మళ్లీ వర్క్‌షాపుకు పోతరు. మీలో విద్యార్థి సంఘాల బాధ్యుల్లో ఉన్నోళ్లు ఒక్కసారి మీ డిమాండ్ల పత్రం తీసి చూడండి. ఉంటే నన్ను కామెంట్లలో తిట్టండి, తింటా.

ఇగ మన పిల్లగాని సంగతి. ఇంటర్ మాట నేను మళ్లీ ఎత్తలే. మంగళవారం కాలేజీకి సెలవు పెట్టి వాడినీ పిన్నినీ మీసేవకు తీసుకపోయినా. ఆదాయ సర్టిఫికెట్‌కు పెట్టాలె, బ్యాంకు ఖాతాకు ఆధార్ కలపాలె. పిన్ని ఏఎస్‌రావు నగర్‌లో రెండు అపార్ట్‌మెంట్లు ఊడుస్తది, ఆమెకు ఆ రోజు కూలి పోయింది. గంటన్నర నిలబడ్డంక సర్వర్ డౌన్, రేపు రమ్మన్నరు.

తిరిగొచ్చేటప్పుడు పిల్లగాడు జేబులోంచి ఒక కాగితం తీసిండు. మా తమ్ముని చేతిరాత. స్టీల్ స్కేలు, ట్రై స్క్వేర్, రెండు జతల ఖాకీ, బూట్లు. బూట్ల కింద రెండు గీతలు గీసి ఉన్నయి.

"అక్కా, ఇవి ఇప్పుడే కొనాల్నా? స్కాలర్‌షిప్ పడ్డంక కొంటే నడుస్తదా?" అని అడిగిండు.

తమ్మునికి ఫోన్ చేసిన. "ఆడనే ఉండండి, డ్యూటీ దిగి వస్తున్నా" అన్నడు.

(మళ్లీ ఆదివారం కలుద్దాం)